నొప్పి పుట్టించడం రోలర్ పని కాదు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిలో ఒకే వస్తువు ప్రస్తావన ఉంది. అది ఫోమ్ రోలర్, అంటే కండరం కింద పెట్టి, ఒంటి బరువు వేసి మెల్లగా దొర్లించుకునే పొడుగాటి గుండ్రటి ఫోమ్ దిమ్మ. పరుగెత్తేవాళ్ళు, జిమ్‌కి వెళ్ళేవాళ్ళే కాదు, రోజంతా కుర్చీలో కూర్చునేవాళ్ళు, అరవై దాటినవాళ్ళు కూడా రాశారు. అందుకని ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇచ్చేశాను. ఒకే రకం ప్రశ్నల్ని కలిపి, ఉత్తరాలను కాస్త కుదించాను. ఫిజియోథెరపిస్టుగా నా గదిలో రోజూ రోలర్ వాడిస్తాను కాబట్టి దీని మీద నాకు గట్టి అభిప్రాయాలే ఉన్నాయి. వాటిని దాచుకోకుండా రాస్తున్నాను.

ప్రశ్న: నమస్తే మేడమ్. నా వయసు 29. పది కిలోమీటర్ల పరుగు కోసం సాధన మొదలుపెట్టాను. ఈమధ్య మోకాలి బయటి పక్క నొప్పి వస్తోంది. నాతో పాటు పరుగెత్తే అన్న ఒకాయన ‘నీ ఐటీ బ్యాండ్ బిగుసుకుపోయింది, రోలర్‌తో నలిపి వదులు చెయ్యి’ అని బొడిపెలున్న గట్టి రోలర్ ఇచ్చాడు. రోజూ తొడ బయటివైపు రుద్దుతున్నాను. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. తొడ కమిలిపోయింది. కొన్నాళ్ళు ఓర్చుకుంటే అదే సర్దుకుంటుందంటున్నాడు. ఓర్చుకోమంటారా?

జవాబు: వద్దు. ముందు ఆ రుద్దడం ఆపేయండి. కమిలిన చోట రంగు పూర్తిగా మామూలయ్యేదాకా ఆ తొడ మీద రోలర్ పెట్టకండి. కమలడమంటే చర్మం కింద సన్నటి రక్తనాళాలు చిట్లడమే. కండరం బాగుపడుతోందనడానికి అది గుర్తు కాదు.

ఐటీ బ్యాండ్ అనేది తుంటి పక్క నుంచి మోకాలి కింది దాకా తొడ బయటివైపు దిగే మందమైన పట్టీ. కండరం కాదు కాబట్టి దానంతట అది బిగుసుకోదు, సడలదు. పైన పిరుదు కండరం, తుంటి ముందు భాగంలో ఉండే ఒక చిన్న కండరం కలిసి దాన్ని లాగి పట్టుకుంటాయి. ఇలాంటి గట్టి పొరలను చేతి ఒత్తిడితో మార్చాలంటే ఎంత బలం కావాలో 2008లో ఒక పరిశోధక బృందం లెక్క కట్టింది. తొడ పొరలోనైనా, అరికాలి పొరలోనైనా ఒక్క శాతం మార్పు తేవడానికి కూడా మామూలుగా శరీరం మీద పెట్టగలిగే బలం చాలదని తేలింది. అంటే మీరు ఎంత కసిగా రుద్దినా ఆ పట్టీ పొడవు మారదు. మధ్యలో నలిగేది చర్మం, దాని కింది కొవ్వు, తొడ పక్క కండరం.

మరి రోలర్ వాడాక కాలు తేలికైనట్టు, మోకాలు ఇంకాస్త ఎక్కువ మడుస్తున్నట్టు ఎందుకనిపిస్తుంది? అది భ్రమ కాదు. నిజంగానే ఎక్కువ మడుస్తారు. కాకపోతే ఆ మార్పు చాలావరకు నరాల ద్వారా వస్తుంది. చర్మంలోనూ కండరాల్లోనూ ఒత్తిడిని గుర్తించే నరాల కొసలుంటాయి. నెమ్మదిగా, సమంగా ఒత్తిడి పడుతుంటే వాటి నుంచి వెన్నుపాముకీ మెదడుకీ సమాచారం వెళుతుంది. దాంతో కండరం సాగేటప్పుడు కలిగే ఇబ్బందిని శరీరం కాసేపు ఎక్కువగా ఓర్చుకుంటుంది, పట్టు సడలిస్తుంది. ఒక కాలి పిక్కను రోల్ చేస్తే, అసలు ముట్టుకోని రెండో కాలి పిక్కలో కూడా ఒత్తిడికి నొప్పి పుట్టే హద్దు పెరిగిందని 2015లో వచ్చిన ఒక అధ్యయనం చూపించింది. ఒక కాలి మీద పెట్టిన ఒత్తిడి రెండో కాలిలో ఏ పొరనూ నలపలేదు కదా!

అందుకే నొప్పి ఎంత ఎక్కువైతే ఫలితం అంత ఎక్కువన్న నమ్మకాన్ని వదిలేయమని అందరికీ చెబుతాను. 2018లో మరో పరిశోధన దీన్ని నేరుగా పరీక్షించింది. తొడ ముందు కండరాన్ని తక్కువ, మధ్యరకం, ఎక్కువ నొప్పి కలిగే ఒత్తిళ్ళతో రోల్ చేసి చూస్తే, మోకాలు వంగడంలో వచ్చిన లాభం మూడింటికీ దాదాపు ఒకటే. నొప్పి మరీ ఎక్కువైతే ఊపిరి బిగబడతాం, పళ్ళు కొరుకుతాం, ఏ కండరాన్ని వదులు చేద్దామనుకున్నామో అదే రాయిలా అవుతుంది. నా దగ్గరికి వచ్చేవాళ్ళతో రోల్ చేస్తున్నంతసేపూ ఏదో ఒకటి మాట్లాడిస్తుంటాను. మాట తెగిందంటే ఒత్తిడి ఎక్కువైందని అర్థం. అంకెల్లో చెప్పాలంటే, పదికి నాలుగైదు దాటని నొప్పి చాలు. అది ‘హాయిగా ఉన్న నొప్పి’లా ఉండాలి.

ఇక మీ మోకాలి సంగతి. పరుగెత్తేవాళ్ళకి మోకాలి బయటివైపు వచ్చే నొప్పికి చాలాసార్లు కారణం దూరం ఒక్కసారిగా పెంచేయడం. నొప్పి ఎన్నో కిలోమీటరు దగ్గర మొదలవుతోందో గమనించి, దానికి ముందే ఆపేయండి. దిగుడు దారుల్లో పరుగు కొన్నాళ్ళు మానండి. తుంటి పక్క కండరాలకు బలం పెంచండి. పక్కకు తిరిగి పడుకుని, పై కాలిని మోకాలు వంచకుండా కాస్త వెనక్కి ఉంచి నెమ్మదిగా ఎత్తి దించడం ఒకటి. తక్కువ ఎత్తున్న మెట్టు మీద ఒంటికాలితో నిలబడి, రెండో కాలి మడమను మెల్లగా నేలకు ఆనించి మళ్ళీ పైకి రావడం ఇంకొకటి. ఇది చేస్తున్నప్పుడు నిలబడ్డ కాలి మోకాలు లోపలికి వాలకూడదు. అద్దం ముందు చేయండి.

రోలర్ వాడాలనిపిస్తే పిరుదు మీద, తొడ ముందు వైపు వాడండి. మోకాలు వాచినా, మధ్యలో పట్టేసినట్టు ఆగిపోతున్నా, మామూలు నడకలో కూడా నొప్పి వస్తున్నా ఎముకల డాక్టర్‌కి గానీ ఫిజియోథెరపిస్టుకి గానీ చూపించుకోండి. మీ అన్న మీ మేలు కోరే చెప్పాడు. ఆ రోలర్‌ని మాత్రం ఆయనకి తిరిగి ఇచ్చేయండి.

ప్రశ్న: మొదటిసారి రోలర్ కొందామనుకుంటున్నాను. పొడుగువి, పొట్టివి, మెత్తనివి, గట్టివి, గళ్ళున్నవి, నున్నటివి. చూస్తేనే తల తిరుగుతోంది. ఏది తీసుకోవాలి?

జవాబు: మొదటిసారి కొనేవాళ్ళకి నా సలహా ఎప్పుడూ ఒకటే: నున్నటిది, మధ్యరకం గట్టిదనం ఉన్నది, 15 సెంటీమీటర్ల వ్యాసం ఉన్నది.

పొడవు మీ అవసరాన్ని బట్టి. 90 సెంటీమీటర్లది ఉంటే దాని మీద తల నుంచి నడుము చివరి దాకా పొడుగ్గా పడుకోవచ్చు. వీపు మీద అడ్డంగా పెట్టినప్పుడు పక్కలకు జారిపోతామన్న భయం ఉండదు. ఇంట్లో చోటుంటే అదే తీసుకోండి. ప్రయాణాల్లో వెంట తీసుకెళ్ళేవాళ్ళకి 30 సెంటీమీటర్లది వీలు. కాకపోతే దాని మీద ఒక్కో కాలే రోల్ చేయగలరు. 45 సెంటీమీటర్లది కాళ్ళకీ వీపుకీ రెంటికీ పనికొస్తుంది. వ్యాసం తక్కువగా, పది సెంటీమీటర్ల చుట్టుపక్కల ఉన్నవి చిన్న చోట ఎక్కువ ఒత్తిడి పెడతాయి కాబట్టి కొత్తవాళ్ళకి వద్దు.

తయారైన పదార్థాన్ని కూడా చూడండి. తెల్లగా, బాగా తేలికగా ఉండేవి ఎక్కువగా ఈపీఈ అనే ఫోమ్‌తో చేసినవి. మెత్తగా ఉంటాయి గాని రోజూ వాడితే మధ్యలో నొక్కుకుపోయి, గుండ్రదనం పోతుంది. చిన్న చిన్న పూసలు అతికించినట్టు కనిపించేవి ఈపీపీ. గట్టివి, ఎక్కువ కాలం ఆకారం చెడవు. ఈవీఏ అనేది బూట్ల అడుగున వాడే పదార్థమే. అటు మరీ మెత్తనా కాదు, ఇటు మరీ గట్టీ కాదు, మన్నుతుంది. లోపల బోలుగా ఉన్న ప్లాస్టిక్ గొట్టం చుట్టూ ఈవీఏ తొడిగి, పైన గళ్ళు చెక్కినవి చాలాకాలం వస్తాయి గాని కొత్తలో ఒంటికి గట్టిగా తగులుతాయి. రంగును బట్టి గట్టిదనం చెప్పేయవచ్చంటారు. అది అన్ని కంపెనీలకీ వర్తించదు. బొటనవేలితో గట్టిగా నొక్కి చూడండి. కొంచెం లోపలికి వెళ్ళి వెంటనే పైకి లేస్తే మధ్యరకం. అసలు లోపలికి వెళ్ళకపోతే గట్టిది.

‘గట్టిదాంట్లోనే ఎక్కువ ఫలితం ఉంటుందేమో’ అని ఇద్దరు ముగ్గురు అడిగారు. మెత్తన, మధ్యరకం, గట్టి రోలర్లను పోల్చిన ఒక పరిశోధన 2018లో వచ్చింది. మోకాలు వంగడంలో మూడూ దాదాపు ఒకే లాభం ఇచ్చాయి. నా గదిలో మూడు రకాలూ పెట్టుకున్నాను. వచ్చినవాళ్ళని మూడింటి మీదా పిక్క ఆనించి చూడమంటాను. ఏ రోలర్ మీద ఊపిరి తేలిగ్గా ఆడుతుందో అదే వాళ్ళకి సరిపోయే రోలర్. గుచ్చుకునే బొడిపెలున్నవి నేను ఎవరికీ చెప్పను.

ప్రశ్న: నాకు 41 ఏళ్ళు. కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం. సాయంత్రానికి నడుము, భుజాల మధ్య భాగం రాయిలా బిగుసుకుపోతాయి. ఇంటికొచ్చాక నడుము కింద రోలర్ పెట్టుకుని వెనక్కి వంగితే టక్‌మని శబ్దం వస్తుంది. కాసేపు హాయిగా ఉంటుంది. పొద్దున లేచేసరికి మళ్ళీ మామూలే. మా ఆవిడ అలా చేయొద్దని గొడవ పెడుతోంది. మీరేమంటారు డాక్టర్ గారూ?

జవాబు: మీ ఆవిడ మాటే సరైనది. వీపు పై భాగంలో వెన్నెముకకు రెండు పక్కలా పక్కటెముకల ఆసరా ఉంటుంది. రోలర్ మీద బరువు వేసినా ఆ పంజరం కొంత మోస్తుంది. నడుము దగ్గర ఆ ఆసరా లేదు. అక్కడ రోలర్ పెట్టి వాలితే నడుము విల్లులా వంగి, కీళ్ళ మీద భారం పడుతుంది. నడుమును కాపాడుకోవడానికి చుట్టుపక్కల కండరాలు ఇంకా బిగుస్తాయి. పొద్దునకి మళ్ళీ మామూలే అవుతోందంటే నాకేమీ ఆశ్చర్యం లేదు.

ఆ టక్‌మన్న శబ్దానికి ఎముక సర్దుకోవడం అనే అర్థం తీయకండి. కీలు ఉపరితలాలు ఒక్కసారిగా విడివడినప్పుడు లోపలి ద్రవంలో వాయువుతో నిండిన ఖాళీ ఏర్పడుతుంది. వేళ్ళు విరుచుకునేటప్పుడు ఇది జరగడాన్ని 2015లో ఎమ్మారై యంత్రంలో చిత్రీకరించారు కూడా. శబ్దం రావడం మంచిదీ కాదు, ప్రమాదమూ కాదు. దానికోసం వెతుక్కోవడం మాత్రం మానేయండి.

వీపు పై భాగానికి రోలర్ బాగా పనికొస్తుంది. ఇలా చేయండి. నేల మీద మ్యాట్ పరిచి, రోలర్‌ని అడ్డంగా పెట్టి, భుజాల రెక్కల కింది అంచు దాని మీదకి వచ్చేలా పడుకోండి. మోకాళ్ళు మడిచి పాదాలు నేలకు ఆనించండి. పిరుదులు నేల మీదే ఉంచండి. రెండు చేతులూ తల వెనక పెట్టి మెడను మోయండి. తలను వేలాడేయకూడదు. ఇప్పుడు ఊపిరి వదులుతూ రోలర్ మీదుగా వీపు పై భాగాన్ని మాత్రం వెనక్కి వాల్చండి. పక్కటెముకల కింది అంచు పైకి పొడుచుకొస్తోందంటే నడుము వంగుతోందన్నమాట. పొట్టను కొంచెం బిగించి దాన్ని ఆపండి. మూడు నాలుగు ఊపిరులు అక్కడ ఉండి పైకి రండి. తర్వాత పిరుదులు కొద్దిగా జరిపి, రోలర్ ఒక రెండు వేళ్ళ మేర పైకి వచ్చేలా చూసుకుని మళ్ళీ చేయండి. మెడ మొదలు దాకా వెళ్ళొద్దు. భుజాల పై అంచు దగ్గర ఆపేయండి. చాలామంది గబగబా పైకీ కిందకీ దొర్లుతారు. వీపుకి మాత్రం ఆగి ఆగి వాలడమే ఎక్కువ మేలు చేస్తుందని నా అనుభవం.

నడుముకి రోలర్ నేరుగా వద్దన్నాను కాబట్టి దాని చుట్టుపక్కల చూడండి. రోలర్ మీద పక్కకి వాలి కూర్చుని పిరుదులను ఒక్కోవైపు ఒక నిమిషం రోల్ చేయండి. బోర్లా పడుకుని తొడ ముందు భాగం, తుంటి కిందివరకు. అదయ్యాక ఒంటి మోకాలి మీద నిలబడి తుంటిని ముందుకు తోసే స్ట్రెచింగ్ చేయండి. అన్నిటికన్నా ముఖ్యం, అరగంటకోసారి కుర్చీ లోంచి లేవండి. రోజంతా కదలకుండా కూర్చుని, సాయంత్రం పది నిమిషాలు రోలర్ మీద పడుకుంటే లెక్క సరిపోదు. కాల్లోకి నొప్పి పాకుతున్నా, పాదంలో తిమ్మిరి గానీ బలహీనత గానీ ఉన్నా, ఇవేవీ చేయకుండా ముందు పరీక్ష చేయించుకోండి.

ప్రశ్న: వ్యాయామానికి ముందు వాడాలా, తర్వాత వాడాలా? ఒక్కో కండరానికి ఎంతసేపు? కాళ్ళ వ్యాయామం చేసిన రెండో రోజు మెట్లు దిగలేకపోతున్నాను. జిమ్‌లో కోచ్ అది లాక్టిక్ యాసిడ్ అనీ, రోలర్‌తో దాన్ని బయటికి పంపేయాలనీ అంటున్నారు.

జవాబు: లాక్టిక్ యాసిడ్ మాట మీ కోచ్ ఒక్కరే కాదు, చాలామంది అంటారు. వ్యాయామంలో రక్తంలో పెరిగే లాక్టేట్ (వాళ్ళు లాక్టిక్ యాసిడ్ అనేది దీన్నే) ఒక గంట అటూ ఇటూలోనే మామూలు స్థాయికి వచ్చేస్తుంది. మీకు నొప్పి వస్తున్నది రెండో రోజు. అలవాటు లేని పని చేసినప్పుడు, ముఖ్యంగా బరువుని మెల్లగా దించుతూ కండరం సాగే పనిలో, కండర పోగులకి సూక్ష్మంగా దెబ్బ తగులుతుంది. శరీరం దాన్ని బాగుచేసుకునే క్రమంలో ఆ చోటు సున్నితమవుతుంది. అందుకే ఆ నొప్పి 24 నుంచి 72 గంటల మధ్య ఎక్కువగా ఉండి, ఆ తర్వాత తగ్గిపోతుంది. రోలర్ బయటికి పంపడానికి అక్కడ ఏ యాసిడూ మిగిలి ఉండదు.

అయినా రోలర్ ఆ నొప్పికి కొంత ఊరటనిస్తుంది. బరువైన స్క్వాట్లు (బరువు మోస్తూ గుంజీళ్ళలా కూర్చుని లేవడం) చేయించి, వెంటనే ఒకసారి, తర్వాత రోజుకోసారి 20 నిమిషాల చొప్పున రోల్ చేయించిన ఒక అధ్యయనం 2015లో వచ్చింది. అందులో తొడల నొప్పి తగ్గింది. ఆ తర్వాత 2019లో 21 అధ్యయనాలను కలిపి చూస్తే, వ్యాయామం తర్వాత రోల్ చేసినవాళ్ళలో కండరాల నొప్పి సుమారు 6 శాతం తక్కువని తేలింది. ముందు రోల్ చేసినప్పుడు శరీరం వంగే గుణం సుమారు 4 శాతం పెరిగింది. పరుగు వేగంలో లాభం ఒక శాతం కూడా లేదు. ఈ అంకెలు చిన్నవే. నేను వీటిని కావాలనే రాస్తున్నాను, ఎందుకంటే ఎంత ఆశించాలో తెలిస్తేనే వస్తువు మీద విరక్తి పుట్టకుండా దాన్ని వాడుకోగలం.

ముందు వాడితే ఒక సదుపాయం ఉంది. 2013లో చేసిన ఒక ప్రయోగంలో తొడ ముందు కండరాన్ని మొత్తం రెండు నిమిషాలు రోల్ చేస్తే, మోకాలు వంగడం రెండు నిమిషాల తర్వాత 10 డిగ్రీలు, పది నిమిషాల తర్వాత 8 డిగ్రీలు పెరిగింది. కండరం బలం మాత్రం తగ్గలేదు. ఎక్కువసేపు పట్టి ఉంచే స్ట్రెచింగ్‌తో వెంటనే బలం కాస్త తగ్గే అవకాశం ఉంటుంది, రోలర్‌తో ఆ చిక్కు లేదు. అయితే ఆ పెరిగిన కదలిక కాసేపే ఉంటుంది. కాబట్టి రోల్ చేసి ఫోన్ పట్టుకుని కూర్చోవద్దు. వెంటనే లేచి ఆ కండరంతో పని చేయించండి. పిక్క రోల్ చేశారా, మడమ లేవకుండా మోకాలిని గోడకు తాకించండి. తొడ రోల్ చేశారా, బరువు లేకుండా కొన్ని స్క్వాట్లు చేయండి. నా దగ్గర రోలర్ దిగగానే అందరూ ఇలా కదలాల్సిందే.

సమయం సంగతికొస్తే, ఒక్కో కండరానికి ఒకటి రెండు నిమిషాలు చాలు. వేగం సెకనుకి రెండు మూడు సెంటీమీటర్లు మించొద్దు. అంటే తొడ ఒక చివర నుంచి ఇంకో చివరకి వెళ్ళడానికి పది పదిహేను సెకన్లు పట్టాలి. ఎక్కడైనా ఎక్కువ సలుపుగా ఉంటే అక్కడ ఆగి, రెండు మూడు ఊపిరులు తీసుకుని ముందుకు జరగండి. అదే చోట అయిదు నిమిషాలు పొడిచి కూర్చోవద్దు.

ప్రశ్న: అమ్మా, నాకు 63 ఏళ్ళు. ఎముకలు గుల్లబారాయని, షుగర్ ఉందని మందులు వాడుతున్నాను. మా అమ్మాయి రోలర్ కొనిచ్చి, రోజూ దీని మీద పడుకోమంది. నేల మీద కూర్చుంటే లేవడమే కష్టం. నేను వాడొచ్చా?

జవాబు: దాని మీద మాత్రం పడుకోకండమ్మా. గుల్లబారిన ఎముకలతో వీపు కింద రోలర్ పెట్టి బరువు వేస్తే వెన్నుపూసకి గానీ పక్కటెముకకి గానీ దెబ్బ తగలవచ్చు. మీ అమ్మాయికి ఈ జవాబు చూపించండి, నొచ్చుకోదు.

మీకు నేను చెప్పేది వేరు. చేతులున్న కుర్చీలో నిటారుగా కూర్చుని, పాదం కింద మెత్తటి బంతి పెట్టుకుని, మడమ నుంచి వేళ్ళ మొదలు దాకా నెమ్మదిగా దొర్లించండి. ఒక్కో పాదానికి ఒక నిమిషం. షుగర్ ఉంది కాబట్టి ముందు పాదంలో స్పర్శ ఎలా ఉందో డాక్టర్‌తో పరీక్ష చేయించుకోండి. స్పర్శ తగ్గితే ఎంత గట్టిగా నొక్కుతున్నారో మీకే తెలియదు, పుండు పడినా తెలియదు. అలాంటప్పుడు బంతి కూడా వద్దు. స్పర్శ బాగుంటే, అయిపోయాక అరికాలు ఒకసారి చూసుకోండి, ఎక్కడా ఎర్రబడకూడదు. పిక్కలకి చేత్తో పట్టుకుని రుద్దుకునే కర్ర రోలర్ దొరుకుతుంది. ఒత్తిడి మీ చేతిలోనే ఉంటుంది కాబట్టి మీలాంటివాళ్ళకి అది నయం.

రక్తం పల్చబడే మందులు వాడేవాళ్ళు, కాళ్ళలో సిరలు ఉబ్బినవాళ్ళు, గర్భిణులు, ఈమధ్య ఆపరేషన్ అయినవాళ్ళు తమ డాక్టర్‌ని అడిగాకే మొదలుపెట్టాలి. విరిగిన ఎముక దగ్గర, మానని గాయం మీద ఎవరూ పెట్టకూడదు. పొట్ట, గొంతు, గజ్జ, మోకాలి చిప్ప, మోకాలి వెనక గుంట, వీటి జోలికి ఎంత ఆరోగ్యవంతులైనా వెళ్ళొద్దు. మోకాలి వెనక గుంటలో రక్తనాళాలు, నరాలు చర్మానికి దగ్గరగా ఉంటాయి.

ప్రశ్న: మా వారికి కాలు విరిగి కొన్ని వారాలు కట్టులో ఉన్నారు. కట్టు విప్పాక పిక్క బాగా నొప్పి, వాపు, ముట్టుకుంటే వేడిగా ఉంది. రోలర్‌తో రుద్దితే తగ్గుతుందా?

జవాబు: ఇది పత్రిక వచ్చేదాకా ఆగే ప్రశ్న కాదు కనుక ఈవిడకి అప్పుడే విడిగా జవాబు పంపాను. అందరి కోసం మళ్ళీ రాస్తున్నాను. కొన్నాళ్ళు కాలు కదపకుండా ఉన్న తర్వాత గానీ, ఆపరేషన్ తర్వాత గానీ, సుదీర్ఘ ప్రయాణం తర్వాత గానీ ఒక పిక్క మాత్రమే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే కాలి లోపలి సిరలో రక్తం గడ్డకట్టిందేమోనని అనుమానించాలి. రుద్దకూడదు, పిసకకూడదు, రోలర్ పెట్టకూడదు. ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి వెళితే ప్రాణానికే ముప్పు. ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళాలి. ఆయాసం గానీ ఛాతీలో నొప్పి గానీ ఉంటే అత్యవసర విభాగానికే.

ప్రశ్న: నాకు 17 ఏళ్ళు, నృత్యం నేర్చుకుంటున్నాను. రెండు కాళ్ళూ చెరో దిక్కుకి పూర్తిగా చాచి నేలకు ఆని కూర్చోవడం (స్ప్లిట్) రావట్లేదు. రోలర్ వాడిన వెంటనే కొంచెం ఎక్కువ కిందికి వెళ్తున్నాను, మర్నాటికి మళ్ళీ పాత చోటుకే వస్తున్నాను మేడమ్. చాలా టెన్షన్‌గా ఉంది. వైబ్రేషన్ ఉన్న రోలర్ కొంటే లాభం ఉంటుందా?

జవాబు: టెన్షన్ పడకమ్మా. నీకు జరుగుతున్నదే అందరికీ జరుగుతుంది. ఒక్కసారి రోల్ చేస్తే వచ్చే సాగుడు కొద్దిసేపటిదే. నిలిచి ఉండే మార్పు కావాలంటే వారాలు పడుతుంది. రోలర్ సాధన మీద వచ్చిన పరిశోధనలను కలిపి 2022లో విశ్లేషించినప్పుడు, నాలుగు వారాలకు మించి చేసినవాళ్ళలోనే కీళ్ళ కదలికలో నిలకడైన పెరుగుదల కనిపించింది. కాబట్టి మర్నాడు కొలుచుకుని బాధపడకుండా నెలకోసారి కొలుచుకో.

తొడ వెనక కండరానికి రోలర్ మీద కూర్చుని చేసేటప్పుడు చేతుల మీద సగం బరువు మోస్తూ, పిరుదు కింద నుంచి మోకాలికి నాలుగు వేళ్ళ పై దాకా మాత్రమే వెళ్ళు. కాలిని కొంచెం లోపలికీ బయటికీ తిప్పితే రెండు పక్కలా అందుతుంది. తర్వాత తొడ లోపలి భాగం: బోర్లా పడుకుని, ఒక మోకాలు పక్కకి మడిచి, రోలర్‌ని తొడకి అడ్డంగా పెట్టి మెల్లగా. అక్కడ కండరం సున్నితం, ఒత్తిడి చాలా తక్కువ ఉండాలి. గజ్జకి దగ్గరగా రావొద్దు. ఆ తర్వాతే స్ట్రెచింగ్.

ఇంకొకటి, ఇది మీ గురువుగారితో కూడా మాట్లాడు. సాగిన చోట బలం లేకపోతే శరీరం అక్కడికి వెళ్ళనివ్వదు. నిలబడి, చేతి సాయం లేకుండా కాలిని ముందుకి ఎంత ఎత్తు ఎత్తగలవో చూడు. చేత్తో లాగితే వచ్చే ఎత్తుకీ, దానికీ చాలా తేడా ఉంటే నీకు కావాల్సింది ఇంకా రోలింగ్ కాదు, ఎత్తిన కాలిని అక్కడే నిలిపే సాధన. పిరుదు అడుగున కూర్చునే ఎముక దగ్గర సూటిగా నొప్పి ఉంటే అక్కడ రోలర్ పెట్టకు, సాగదీయకు. కండరం ఎముకకి అతుక్కునే చోటు అది, దాన్ని గుచ్చేకొద్దీ ఎక్కువవుతుంది. ఫిజియోథెరపిస్టుకి చూపించుకో.

వైబ్రేషన్ రోలర్ కొందరికి హాయిగా ఉంటుంది, నొప్పి తక్కువగా తెలుస్తుంది. నీ వయసులో, నీ అవసరానికి మామూలుది చాలు.

ప్రశ్న: రోలర్‌ని ఎలా శుభ్రం చేయాలి? ఎప్పుడు మార్చాలి?

జవాబు: వాడాక చెమట తుడిచేయండి. వారానికోసారి గోరువెచ్చటి నీళ్ళలో కొంచెం సబ్బు వేసి, గుడ్డ ముంచి తుడిచి నీడలో ఆరనివ్వండి. ఎండలో పెడితే ఫోమ్ పెళుసుబారుతుంది. గళ్ళున్నదైతే సందుల్లో పాత టూత్‌బ్రష్ వాడండి. ఒకరికి మించి వాడుతుంటే ప్రతిసారీ తుడవాలి, చర్మవ్యాధి ఉన్నవాళ్ళది వేరుగా ఉంచాలి. మార్చే సంగతి రోలరే చెబుతుంది. చదునైన నేల మీద వదిలి మెల్లగా తోయండి. ఎగుడుదిగుడుగా దొర్లినా, మధ్యలో నొక్కుకుపోయినా, పైపొర పగిలి ముక్కలు రాలుతున్నా కొత్తది తీసుకోండి.